కార్డు పక్కన పెట్టి కుట్టు చూడండి



ఒకరు వాడి పక్కన పెట్టిన చేతిసంచిని ఇంకొకరు లక్ష రూపాయలు పోసి కొనుక్కోవడం మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా లేని అలవాటు. ఇవాళ ఉంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అక్క కొత్తది కొనుక్కుని, పాతది చెల్లెలికి పంపుతుంది. ఆ చెల్లెలు కొన్నాళ్లు వాడుకుని హైదరాబాద్‌లో అమ్మకానికి పెడుతుంది. జీతంలో దాచుకున్న డబ్బుతో ఇంకో అమ్మాయి దాన్ని కొంటుంది. చేతులు మారిన ప్రతిచోటా ఒకటే సందేహం: ఇది అసలుదేనా?

తోలు సంచులు బాగుచేయడం నా పని. తెగిన హ్యాండిల్ కుట్టించుకోవడానికో, పాడైన జిప్పు మార్పించుకోవడానికో వచ్చినవాళ్లలో చాలామంది, ఆ పని చెప్పాక ఈ ప్రశ్న కూడా అడుగుతారు. దానికి జవాబు ఎక్కడ వెతకాలో ఇవాళ చెప్తాను.

బంగారానికైతే గీటురాయి ఉంది. ఒక్క గీత గీసి కంసాలి సంగతి చెప్పేస్తాడు. సంచికి అలాంటి రాయి లేదు. ముందుగా మనసులో పెట్టుకోవలసింది ఇదే. ఏదో ఒక్క గుర్తు పట్టుకుని ఇది అసలుదని తేల్చడం కుదరదు. ఒక్క గుర్తు పట్టుకుని ఇది నకిలీ అని తేల్చడం మాత్రం చాలాసార్లు కుదురుతుంది. అమ్మేవాళ్లు మనకు చూపించేది ఎప్పుడూ ఒప్పులనే. మనం వెతకవలసింది తప్పులను.

అసలు ఈ నకిలీల బెడద ఇంతలా ఎందుకు పెరిగిందంటే, ధరలు అలా పెరిగాయి. షనెల్ కంపెనీ మడత మూతతో, బొంత కుట్టుతో చేసే మధ్య సైజు సంచి అమెరికాలో 2019లో 6 వేల డాలర్ల లోపు ఉండేది. 2023 నాటికి 10 వేలు దాటింది. కొత్తది అందని వాళ్లు పాతదాని వైపు చూస్తారు. ఆ చూపు కోసం నకిలీవాళ్లు కాచుకుని ఉంటారు. ఇది ఒక్క సంచుల గొడవే కాదు. ప్రపంచ వాణిజ్యంలో నకిలీ సరుకు విలువ 2021లో 46,700 కోట్ల డాలర్లని ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ, ఐరోపా మేధోసంపత్తి కార్యాలయం కలిసి లెక్కగట్టాయి.

సరే, సంచి ముందుకు వద్దాం. నా దగ్గరికి వచ్చేవాళ్లు బల్ల మీద మొట్టమొదట పెట్టేది సంచిని కాదు. కార్డు, బిల్లు, గుడ్డ సంచి, పెట్టె, రిబ్బను పెడతారు. వాటన్నిటినీ నేను ఒక పక్కకు జరుపుతాను. నకిలీ చేయడానికి అన్నిటికన్నా తేలికైనవి అవే. తోలును అనుకరించాలంటే తోలు తెలియాలి, చేయి తిరగాలి. కార్డుకు ప్రింటర్ చాలు.

షనెల్ సంగతే చూడండి. 1980ల మధ్య నుంచి ఆ కంపెనీ సంచి లోపల ఒక స్టిక్కరు అంటించి, దానిమీద వరుస సంఖ్య వేసేది. అదే సంఖ్య ఉన్న కార్డు కొన్నవాళ్లకు ఇచ్చేది. రెండూ సరిపోతే నిజమైనదని అందరూ నమ్మేవారు. అయితే షనెల్‌కు సంచులు కుట్టిపెట్టే ఒక ఇటలీ కార్ఖానా నుంచి దాదాపు 30 వేల సంఖ్యల స్టిక్కర్లు దొంగతనానికి గురయ్యాయని కంపెనీయే కోర్టులో చెప్పింది. అంటే స్టిక్కరు నికార్సైనది, దాన్ని మోస్తున్న సంచి మాత్రం నకిలీది. న్యూయార్క్‌లో పాత ఖరీదైన సరుకు అమ్మడంలో పేరున్న ‘వాట్ గోస్ అరౌండ్ కమ్స్ అరౌండ్’ అనే సంస్థ మీద షనెల్ వేసిన దావాలో ఈ సంఖ్యల విషయం కూడా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ ఆ సంస్థకు 40 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 1993 నుంచి ఇదే వ్యాపారంలో ఉన్నవాళ్లకే ఈ గతి పట్టిందంటే, ఫోనులో రెండు ఫొటోలు చూసి డబ్బు పంపే మన సంగతి ఆలోచించండి.

2021లో షనెల్ ఆ స్టిక్కర్లు మానేసి, చిప్ ఉన్న చిన్న లోహపు పలక పెట్టడం మొదలుపెట్టింది. అందుచేత 2023లో కొన్న కొత్త మోడల్ అని చెప్పి, స్టిక్కరు, నలుపు రంగు కార్డు చూపిస్తే అక్కడే ఆగిపోండి. ఇక ఎర్మెస్ కంపెనీ అయితే అసలుదని ధ్రువీకరించే కార్డు ఎప్పుడూ ఇవ్వదు. నారింజ రంగు కార్డు ఒకటి తీసి, ఇదిగో గ్యారంటీ అని చూపిస్తే, ఆ కార్డే సంచికి వ్యతిరేక సాక్ష్యం.

ఇప్పుడు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే లూయీ విట్టాన్ గురించి కాస్త నింపాదిగా మాట్లాడుకుందాం. ఆ కంపెనీ 1854లో పారిస్‌లో ప్రయాణపు ట్రంకు పెట్టెలు చేయడంతో మొదలైంది. పెట్టెలకు పేరు రాగానే వాటికి నకళ్లు పుట్టాయి. 1888లో గళ్ల డిజైను తెచ్చి, దాని మీదే తమ పేరు వేసినా నకళ్లు ఆగలేదు. చివరికి 1896లో లూయీ కొడుకు జార్జి, తండ్రి పేరులోని రెండు అక్షరాలను ఒకదానితో ఒకటి పెనవేసి, పువ్వులతో కలిపి ఇప్పుడు మనం చూసే డిజైను గీశాడు. ఎవరూ నకలు చేయలేరన్న నమ్మకంతో గీసిన ఆ బొమ్మకే ఇవాళ ప్రపంచంలో లెక్కలేనన్ని నకళ్లు ఉన్నాయి. కాబట్టి బొమ్మ ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. ఎలా ఉందన్నది ప్రశ్న.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఆ గోధుమ రంగు సంచి ఒళ్లంతా తోలు అనుకుంటారు మనవాళ్లు. గోరుతో గీకి చూసి, అయ్యో ఇది రెక్సిన్ లాంటిది, మోసపోయాం అని బెంగపడినవాళ్లను చూశాను. అది తోలు కాదు. నూలు కాన్వాసు గుడ్డ మీద పీవీసీ పూత పూసి దాన్ని తయారుచేస్తారు. అసలు లూయీ విట్టాన్ అలాగే ఉంటుంది. పైగా అమ్మేవాడు ఆ డిజైను సంచిని చూపించి, మొత్తం స్వచ్ఛమైన తోలు అని నొక్కి చెబితే, వాడికి సరుకు తెలియదనో, మనకు తెలియదని వాడు అనుకుంటున్నాడనో అర్థం.

తోలు ఉండేది హ్యాండిల్‌కు, అంచులకు, పట్టీలకు. అది రంగు వేయని తోలు. వచెట్టా అంటారు. చెట్ల బెరడులోనూ చెక్కలోనూ ఉండే వగరు పదార్థంతో శుద్ధి చేసిన ఆవు తోలు అది. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. దక్షిణాదిలో తోలు పదును పెట్టేవాళ్లు తరతరాలుగా తంగేడు చెక్కతో, కరక్కాయతో చేసిన పని ఇదే. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు పూల చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోళ్లు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కి ఐరోపాకు వెళ్లాయి. తెనాలి దగ్గర యడ్లపల్లిలో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను నడిపి, ఈ శాస్త్రంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. తోలును అర్థం చేసుకోవడంలో మన తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరని చెప్పడానికే ఆయన పేరు తలుచుకున్నాను.

బెరడుతో శుద్ధి చేసిన తోలుకు ఒక గుణం ఉంది. అది వయసును దాచలేదు. కొత్తలో పాలిపోయిన లేత గోధుమ రంగులో ఉంటుంది. ఎండ తగిలి, చేతి చెమట, నూనె తగిలి రానురాను తేనె రంగులోకి తిరుగుతుంది. ఇంకా ఏళ్లు గడిస్తే ముదురు గోధుమ రంగుకు వస్తుంది. నీటి చుక్క పడితే మరక నిలిచిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి. చేయి ఎక్కడ పట్టుకుంటుంది? హ్యాండిల్ నడుమ. అక్కడ ముదురుగా, మొదళ్ల దగ్గర కొంచెం లేతగా ఉండాలి. మడత లోపల, పట్టీ కింద ఎండ తగలని చోట ఇంకా లేతగా ఉండాలి. నకిలీలో ఆ తేనె రంగును ముందే పూసేస్తారు. మొదట్నుంచి చివరిదాకా ఒకే రంగు ఉంటుంది. పట్టీ ఎత్తి చూసినా కిందా అదే రంగు. పదేళ్లు వాడానంటున్న సంచికి అలాంటి హ్యాండిల్ ఉంటే నమ్మకండి.

అయితే ఇక్కడ తొందరపడకూడదు. పాత సంచికి లేత రంగు హ్యాండిల్ ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. కంపెనీయే పాడైన హ్యాండిళ్లు తీసి కొత్తవి వేసి ఇస్తుంది. అలాంటప్పుడు ఆ మరమ్మతు రసీదు అడగండి. అలాగే లోపలి జేబులు జిగురుగా అంటుకుంటుంటే, పూత పెళ్లలుగా ఊడుతుంటే నకిలీ అనేస్తారు చాలామంది. తొంభైల నాటి అసలు లూయీ విట్టాన్ సంచుల్లోనూ ఇది ఉంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే ఊళ్లలో, గాలి ఆడని బీరువాల్లో ఉంచినవాటికి మరీ ఎక్కువ. విశాఖపట్నం గాలిలో నాలుగు వానాకాలాలు బీరువాలో మూసిపెట్టిన సంచి లోపల అలా కాకపోతేనే ఆశ్చర్యం.

వాసన కూడా చూడండి. నిజమైన తోలు పాతబడ్డాక మెత్తటి వాసన వేస్తుంది. సంచి తెరవగానే జిగురు ఘాటు, పెయింటు ఘాటు ముక్కుకు కొడితే అనుమానించాలి. పాత సంచి అన్నాక ఆ ఘాటు మరీ అనుమానం.

డిజైను దగ్గరికి వస్తే, స్పీడీ అనే గుండ్రటి సంచి అందరికీ తెలిసినది. 1930ల నుంచి ఉన్న మోడల్. దాని ఒంటికి ఒకే కాన్వాసు ముక్క వాడతారు. ముందు వైపు నుంచి అడుగుకు దిగి, వెనక వైపుకు ఎక్కుతుంది. అడుగున అతుకు ఉండదు. అందువల్ల ఒక వైపు ఎల్‌వీ అక్షరాలు నిలువుగా ఉంటే, రెండో వైపు తలకిందులుగా ఉంటాయి. తలకిందులుగా ఉన్నాయని నకిలీ అనుకుని అసలు సంచిని వదులుకున్నవాళ్లున్నారు. రెండు వైపులా నిటారుగా, ముచ్చటగా పేర్చిన అక్షరాలుంటేనే అడుగున అతుకు వెతకండి. అక్కడ అతుకు దొరికితే అనుమానించండి. ఇది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, కొనే మోడల్ బొమ్మలు కంపెనీ పుస్తకంలో ముందే చూసుకోవాలి.

‘మేడ్ ఇన్ ఫ్రాన్స్’ అని లేకపోతే నకిలీ అన్నది ఇంకో అపోహ. ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది. డల్లాస్‌లో ఉన్న అక్క ఇచ్చిన సంచి లోపల ‘మేడ్ ఇన్ యూఎస్ఏ’ అని ఉందట. స్నేహితురాలెవరో చూసి, మీ అక్క నకిలీది అంటగట్టిందని తేల్చిందట. ఆ మాటతో అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయే దాకా వచ్చింది. ఆ కంపెనీ సంచులు ఫ్రాన్స్‌లోనే కాదు, స్పెయిన్‌లో, ఇటలీలో, అమెరికాలో కూడా తయారవుతాయి. కాలిఫోర్నియాలో వాళ్లకు ఎన్నో ఏళ్లుగా కార్ఖానా ఉంది. 2019లో టెక్సస్‌లో ఇంకొకటి తెరిచారు. అది ఆ అక్క ఉండే డల్లాస్‌కు కారులో పోయి వచ్చేంత దూరం. సంచి చూశాను. కుట్టు, తోలు, అక్షరాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్కకు ఫోన్ చెయ్యమ్మా అని చెప్పి పంపాను.

లూయీ విట్టాన్ సంచి లోపల కుట్టులో దాగి ఉండే తేదీ గుర్తు గురించి కూడా చెప్పాలి. దాన్ని చాలామంది వరుస సంఖ్య అనుకుంటారు. అది ఎప్పుడు, ఎక్కడ తయారైందో చెప్పే గుర్తు మాత్రమే. ఒకే గుర్తు ఎన్నో సంచుల మీద ఉండవచ్చు. 1990 నుంచి 2006 దాకా రెండు అక్షరాలు, నాలుగు అంకెలు వేశారు. మొదటి అంకె, మూడో అంకె కలిపితే నెల. రెండోది, నాలుగోది కలిపితే సంవత్సరం. కాగితం దగ్గరుంటే రాసుకోండి. 1025 అని ఉందనుకోండి. ఒకటి, రెండు కలిస్తే 12, అంటే డిసెంబరు. సున్నా, అయిదు కలిస్తే 2005. ఇప్పుడు 3024 అని ఉందనుకోండి. సంవత్సరం 2004 అని వస్తుంది, నెల మాత్రం 32 అని వస్తుంది. అలాంటి నెల లేదు. 2007 నుంచి నెలకు బదులు వారం వేశారు. 2180 అంటే 2010లో 28వ వారం. 2021లో ఈ గుర్తులు ఆపేసి, లోపల చిప్ కుట్టడం మొదలుపెట్టారు. ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. నెవర్‌ఫుల్ అనే పెద్ద సంచి 2007లో పుట్టింది. దాని లోపల 2003 నాటి గుర్తు ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

ఈ లెక్క సరిపోయినంత మాత్రాన పొంగిపోకండి. ఈ లెక్క నకిలీవాడికీ తెలుసు. చిప్పులు కూడా ఇప్పుడు నకిలీ సంచుల్లో పెడుతున్నారు. ఫోను దగ్గర పెడితే ఏదో స్పందించింది కదా అని నమ్మేయకూడదు.

నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది కుట్టు. దాని దగ్గర కాసేపు ఆగుతాను.

ఎర్మెస్ కంపెనీ 1837లో పారిస్‌లో గుర్రాల పగ్గాలు, కళ్లేలు చేసే దుకాణంగా మొదలై, తర్వాత జీనులు కూడా చేసింది. జీను కుట్టు ఊడితే సవారీ చేసేవాడి ప్రాణం పోతుంది. అందుకని జీను కుట్టేవాళ్లు ఒక పద్ధతి పాటించారు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఆరెతో రంధ్రం పొడిచి, ఒక సూది ఇటు నుంచి, రెండోది అటు నుంచి అదే రంధ్రంలో దూరుస్తారు. నార దారానికి ముందే తేనెమైనం పట్టిస్తారు. ఒకచోట దారం తెగినా పక్క కుట్టు పట్టుకునే ఉంటుంది. మిషను కుట్టు అలా కాదు. పైదారం, కిందిదారం ఒకదాన్నొకటి లంకె వేసుకుని నిలుస్తాయి. ఒకచోట తెగితే వరసగా వదులవుతుంది. మన ఊళ్లలో చెప్పులు కుట్టే పెద్దవాళ్ల చేతిలో ఆరె ఆడే తీరు చూసినవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఎర్మెస్ చేసే బిర్కిన్ అనే సంచిలో ముఖ్యమైన కుట్లన్నీ ఇప్పటికీ ఆ చేతి పద్ధతిలోనే వేస్తారు. సంచి మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి చేతిలో తయారవుతుంది.

అందువల్ల ఆ కుట్లు ఒక్కొక్కటీ కొంచెం ఏటవాలుగా, నిండుగా కూర్చుంటాయి. వరస తప్పవు గానీ, ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గీత గీసినట్టు పూర్తి సమంగా, తిన్నగా, తోలులోకి అణిగిపోయి ఉన్న కుట్టు మిషనుది. బిర్కిన్ హ్యాండిల్ మీద అలాంటిది కనిపిస్తే ఆ సంచిని పక్కన పెట్టేయవచ్చు. చేతిపనిలో కనిపించే ఆ చిన్న తేడాను లోపమని ఎవరైనా అంటే నాకు బాధగా ఉంటుంది. పనివాడి చేయి అక్కడే తెలుస్తుంది.

లూయీ విట్టాన్ సంచులకు మిషను కుట్టు కూడా ఉంటుంది. అయినా పైన చెప్పిన పువ్వుల డిజైను సంచుల్లో కుట్లు ఒకే కొలతలో, కాస్త వాలుగా, ఆవ రంగు దారంతో ఉంటాయి. హ్యాండిల్ అతుకు దగ్గర ఒక పక్క ఎన్ని కుట్లున్నాయో, రెండో పక్కా అన్నే ఉండాలి. లెక్కపెట్టండి. సిగ్గుపడనక్కర్లేదు, డబ్బు మీది. షనెల్ బొంత కుట్టులో అయితే వెనక జేబు చూడండి. సంచి ఒంటి మీది వజ్రపు గళ్లు, జేబు మీది గళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. దగ్గరకు వస్తే తప్ప జేబు ఉన్నట్టే తెలియకూడదు. నకిలీ చేసేవాడు తోలు ఆదా చేయడానికో, సమయం ఆదా చేయడానికో ఇక్కడే తప్పు చేస్తాడు. కుట్ల మధ్య దూరం పెంచి దారం ఆదా చేస్తాడు. అప్పుడు గళ్లు ఉబ్బుగా, వదులుగా కనిపిస్తాయి.

షనెల్ తాళం మీద రెండు సీ అక్షరాలు ఉంటాయి కదా. పై భాగంలో కుడి పక్క సీ ఎడమదాని మీదుగా పోవాలి. కింది భాగంలో ఎడమది కుడిదాని మీదుగా పోవాలి. తిరగేసి ఉంటే నకిలీ. తాళం వెనక పలకకు మామూలు ప్లస్ గుర్తు స్క్రూలుంటే అనుమానించండి. ఇంకో సంగతి, 1955లో కోకో షనెల్ తెచ్చిన మొదటి సంచికి ఈ అక్షరాల తాళమే లేదు. దీర్ఘచతురస్రంగా ఉండే మామూలు తిప్పుడు తాళం ఉండేది. అక్షరాల తాళం 1983లో ఆ కంపెనీకి వచ్చిన కార్ల్ లాగర్‌ఫెల్డ్ కాలానిది. అక్షరాల తాళంతో ఉన్న సంచిని 1960ల నాటిదని అమ్మితే ఏమనుకోవాలో మీకే తెలుసు.

జిప్పు గురించి ఒక్క మాటే చెప్తాను. మెత్తగా సాగాలి, లోహం చేతికి బరువుగా తగలాలి. పేరు ఏ కంపెనీది ఉందన్నది పెద్ద ఆధారం కాదు.

ఇన్ని చెప్పాక కూడా నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఇప్పుడు సూపర్ ఫేక్ అనేవి వస్తున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ పరిసరాల్లో అసలు సంచిని కొని, విప్పి, ప్రతి ముక్కా కొలిచి మళ్లీ చేస్తారు. అవి మామూలు కంటికి దొరకవు. ఎర్మెస్ విషయంలో ఇంకా దారుణం జరిగింది. ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే కొందరు బయట దొంగచాటుగా బిర్కిన్‌లు కుట్టారన్న కేసులో 2020లో పారిస్‌లో విచారణ జరిగింది. చేయి అసలుదే, నేర్పు అసలుదే, సంచి నకిలీ. అలాంటిది నా చేతిలో పెడితే నేను కూడా ఖాయంగా చెప్పలేను.

అందుకే పెద్ద మొత్తం పెట్టేటప్పుడు రెండో పరీక్ష అవసరం. మన దేశపు మూలాలున్న విద్యుత్ శ్రీనివాసన్, అశ్లేష్ శర్మ తదితరులు కలిసి న్యూయార్క్‌లో 2012లో ఎంట్రపీ అనే సంస్థ పెట్టారు. వాళ్ల పరికరం తోలునూ కాన్వాసునూ అక్షరాలనూ సూక్ష్మదర్శినిలో ఫొటోలు తీసి, తమ దగ్గరున్న అసలు, నకిలీ ఫొటోలతో కంప్యూటర్ చేత పోల్పిస్తుంది. పాత ఖరీదైన సరుకు అమ్మే దుకాణాలు చాలా దాన్ని వాడుతున్నాయి. కంపెనీ షోరూముకే తీసుకెళ్లి అడగొచ్చు కదా అంటారు. బయట కొన్న పాత సంచిని పరీక్షించి రాసిచ్చే పని ఈ కంపెనీల షోరూములు సాధారణంగా పెట్టుకోవు. పాత సంచి కొనాలనుకునేవాళ్లకు బంధువులెవరైనా జపాన్‌లో ఉంటే, వాళ్లను అడగమంటాను నేను. అక్కడ ఈ వ్యాపారం దశాబ్దాల నాటిది. నకిలీలను అడ్డుకోవడానికి వ్యాపారులే 1998లో సంఘం పెట్టుకున్నారు. వస్తువును వాళ్లు వాడే తీరు కూడా శుభ్రం.

దూరం నుంచి కొంటున్నారా? అమ్మేవాళ్లు పంపే అందమైన ఫొటోలు చాలవు. పగటి వెలుతురులో హ్యాండిల్ మొదలు, అడుగు మూలలు, లోపలి కుట్టు, ముద్ర, తేదీ గుర్తు దగ్గరగా తీసి పంపమనండి. మీ పేరు, ఆ రోజు తేదీ రాసిన చీటీ సంచి పక్కన పెట్టి ఫొటో తీయమనండి. సంచి నిజంగా వాళ్ల చేతిలో ఉందో, ఎక్కడి నుంచో ఫొటో తెచ్చారో తెలుస్తుంది. విసుక్కుంటే, ఇంకో గంటలో వేరేవాళ్లు కొనేస్తారని తొందరపెడితే వదిలేయండి. నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. నగదు ఇవ్వకండి. మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. మొసలి తోలు, కొండచిలువ తోలు సంచి అయితే ఇంకో జాగ్రత్త ఉంది. వన్యప్రాణుల వ్యాపారంపై సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద వాటికి చాలా సందర్భాల్లో అనుమతి పత్రం కావాలి. సంచి ఎంత అసలుదైనా సరే, ఆ పత్రం లేకుండా దేశం దాటిస్తే కస్టమ్స్ వాళ్లు జప్తు చేయవచ్చు.

చివరగా ‘ఫస్ట్ కాపీ’ సంగతి. ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ, సెవెన్ ఏ అని రకరకాల పేర్లతో మన బజార్లలో అమ్ముతారు. వినడానికి అదేదో అసలుదాని తర్వాతి రకం అనిపిస్తుంది. అది నకిలీయే. తప్పుడు ట్రేడ్‌మార్కు వేసిన సరుకు అమ్మితే మన 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నకిలీ సరుకును దగ్గర పెట్టుకోవడమే నేరం. ఇటలీలో కొన్నవాళ్లకు కూడా 7 వేల యూరోల దాకా జరిమానా వేయవచ్చు. విహారయాత్రకు వెళ్లేటప్పుడు భుజాన ఏం వేసుకుని వెళ్తున్నారో చూసుకోండి.

నేను చూసిన నకిలీ సంచుల్లో చాలావాటి వెనక ఒకే కథ ఉంది. తెలిసో తెలియకో ఒకరు కొన్నారు. నకిలీ అని తెలిశాక, పోయిన డబ్బు రాబట్టుకోవాలని ఏమీ చెప్పకుండా ఇంకొకరికి అమ్మారు. ఆ ఇంకొకరు తరచుగా మన ఊరి అమ్మాయే, మనలాగే రూపాయి రూపాయి కూడబెట్టుకున్న మనిషే. శ్రోతలకు నా మనవి ఒక్కటే. మీ చేతిలో ఉన్న సంచి నకిలీ అని తేలితే, అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేయండి, డబ్బు కోసం పట్టుబట్టండి. అది కుదరకపోతే మీరే వాడుకోండి. దయచేసి దాన్ని అసలుదని చెప్పి మాత్రం ఇంకొకరికి అమ్మకండి.